వునివాయ్‌లో చేపపిల్ల పాట

వునివాయ్ ఊరిపెద్ద విలికేసాకి సముద్రాన్ని కాపాడాలన్న కోరిక పక్క ఊళ్ళో బోర్డు చూశాక పుట్టింది.

పక్క ఊరు నకసా. అక్కడి ఊరిపెద్ద నెమానీ, విలికేసా చిన్నప్పుడు ఒకే బడిలో ఒకే బల్ల మీద కూర్చున్నవాళ్ళు. అప్పట్నుంచీ ఒకడికున్నది ఇంకొకడికి లేకపోతే లేనివాడికి నిద్ర పట్టదు, ఉన్నవాడు పట్టనివ్వడు. ఆ రోజు నకసా రేవులో పడవ దిగేసరికి ఎదురుగా నిలువెత్తు నీలిరంగు బోర్డు కనిపించింది. దాని మీద ఓ తాబేలు నవ్వుతోంది. కింద 'నీలి తీరం: పిల్లల చేతుల్లో సముద్రం' అని పెద్ద అక్షరాలు. ఆ కింద కొత్త టోపీ పెట్టుకుని నెమానీ, తాబేలు కంటే వెడల్పుగా నవ్వుతూ.

"మీ ఊరికి వీళ్ళింకా రాలేదా?" అన్నాడు నెమానీ. "వస్తార్లే. ముందు మంచి ఊళ్ళు చూసుకుని, తర్వాత మిగిలినవి చూస్తారట. పడవకి ఇంజను కూడా ఇస్తారంటున్నారు."

ఆ మధ్యాహ్నమే విలికేసా రాజధాని సువాలోని నీలి తీరం సంస్థ ఆఫీసుకి ఫోన్ చేశాడు. "మా సముద్రం చాలా ప్రమాదంలో ఉందండీ. మా పిల్లలకి బొత్తిగా ఏమీ తెలీదు. నకసా పిల్లలకి కూడా తెలీదనుకోండి, మా వాళ్ళకి ఇంకా తెలీదు," అని మొరపెట్టుకున్నాడు.

ఆఫీసు వాళ్ళు పొంగిపోయారు. ఈ ఊళ్ళున్న కందావు దీవిలో వాళ్ళ లెక్కకి సరిగ్గా ఒక ఊరు తక్కువపడుతోంది. ఆ ఊరేదో తనంతట తనే ఫోన్ చేస్తే కాదంటారా?

అలా వచ్చింది సలనియేత. సువాలో పుట్టి పెరిగిన పిల్ల, చదువుకున్నది, మంచిది. కానీ పడవ ఎక్కితే కడుపులో తిప్పుతుంది. శనివారం శనివారం ఆకుపచ్చగా మారిన మొహంతో ఒడ్డున దిగి, కాసేపు కొబ్బరిచెట్టుకి ఆనుకుని నిలబడి, తర్వాత పాఠం మొదలుపెట్టేది. ఆమె వెనకాల సామాను దిగేది. గోడకి తగిలించే బొమ్మలు, దూది కుక్కిన తాబేలు, పిల్లలకి పంచడానికి క్రీము బిస్కెట్లు. ఒక్కో బిస్కెట్టూ విడిగా ఒక్కో ప్లాస్టిక్ కాగితంలో చుట్టి ఉంది. మొదటి పాఠమేమో ప్లాస్టిక్ గురించి.

పాఠం శ్రద్ధగా విన్నారు, బిస్కెట్లు అంతకంటే శ్రద్ధగా తిన్నారు. తిన్నాక విలికేసా మనవరాలు తరుసిలా ఆ కాగితాలన్నీ ఏరి, ఒళ్ళో పోసుకొచ్చి సలనియేత ముందు కుప్పపోసింది.

"మిస్, ఇవి తాబేలు తింటే చస్తుందన్నారు కదా. మరి వీటిని ఏం చెయ్యాలి?"

సలనియేత మొహం ఆకుపచ్చ నుంచి ఎరుపుకి తిరిగింది. "నేను సువాకి తీసుకెళ్ళిపోతానమ్మా. వచ్చేవారం అరటిపళ్ళు తెస్తా," అంది. తెచ్చింది కూడా. వునివాయ్ పిల్లలకి ఆమె మీద నమ్మకం కుదిరింది ఆ రోజే. పెద్దవాళ్ళు అన్న మాట నిలబెట్టుకుంటారా అని వాళ్ళకి అప్పుడే మొదటిసారి తెలిసింది.

కార్యక్రమాన్ని లాంఛనంగా ప్రారంభించిన రోజున సావడిలో చాపల మీద ఊరంతా కూర్చుంది. మర్యాదకి తాగే యంగోనా వేరు పానీయం గిన్నె చేతులు మారింది. ఆచారం ప్రకారం చప్పట్లయ్యాక విలికేసా లేచి, గొంతు సవరించుకుని, "ఇవాళ్టి నుంచి సముద్రం విషయంలో పిల్లల మాటే మా మాట. వాళ్ళేది చెబితే అదే చట్టం," అన్నాడు. పాస్టరు గారు గట్టిగా ఆమెన్ అన్నారు. ఈ మాట విలికేసా సొంతం కాదు. రేడియోలో ఎవరో పెద్దమనిషి ఇలాంటిదేదో అంటే విని దాచుకున్నాడు. అన్నాక ఆ పెద్దమనిషి ఏమీ చెయ్యలేదు కాబట్టి, ఇది అని ఊరుకునే మాటే అనుకున్నాడు.

ఊరి ముందున్న పగడపు దిబ్బలో ఒక ముక్కని, పూర్వం ముసలాళ్ళు మూసేవాళ్ళు కదా అని, మళ్ళీ మూశారు. నాలుగు మూలలా కర్రలు పాతి కొబ్బరాకులు కట్టారు. ఆ లోపల వేట లేదు. పెద్దవాళ్ళు ఎంతో భక్తిగా ఒప్పుకున్నారు. మూసింది పరాయి ఊళ్ళవాళ్ళకి అని ఎవరికి వాళ్ళు లోపల అనుకున్నారు.

చివరి శనివారం సలనియేత పిల్లలందరికీ పసుపు జాకెట్లూ విజిళ్ళూ ఇచ్చింది. తను కట్టిన పాట నేర్పింది.

చిన్ని చేపపిల్లని నేను,
నన్నిప్పుడే వండొద్దు,
పెద్దయ్యాక వస్తాను,
తొందరేమీ ఉండొద్దు.

పాటకి ఆట కూడా ఉంది. బుగ్గలు పూరించాలి, అరచేతులు చెవుల దగ్గర రెక్కల్లా ఆడించాలి, చివర్లో నడుము అటూ ఇటూ తిప్పుతూ తోక ఊపాలి. తోకే ముఖ్యం.

"మిస్, తప్పు చేసినవాళ్ళకి ఏం శిక్ష?" అని అడిగింది తరుసిలా.

పుస్తకంలో దాని గురించి లేదు. సలనియేత ఆలోచించి, "శిక్షలెందుకమ్మా? తెలీక చేస్తారు. మళ్ళీ పాఠం చెప్పాలి, అంతే," అంది. పడవొచ్చింది, వెళ్ళిపోయింది.

మొదట దొరికింది విలికేసా పెళ్ళాం తితిలియా. మడ చెట్ల మధ్య పీతలు పట్టుకొచ్చి కుండలో వెయ్యబోతుంటే వంటింట్లోనే విజిలు మోగింది.

"ఒసేయ్, చెవులు పోయాయే! ఇల్లనుకున్నావా, ఫుట్‌బాల్ మైదానమనుకున్నావా?"

"అమ్మమ్మా, ఆ పీత నా అరచెయ్యంత కూడా లేదు."

"నీ అరచెయ్యి పెద్దదైందే. తిండి పెట్టి పెంచింది నేనేగా!"

లాభం లేకపోయింది. పీతలు మళ్ళీ బురదలోకి పోయాయి. తితిలియా సావడిలో కూర్చుని, పసుపు జాకెట్లవాళ్ళు చెప్పిన పాఠం విని, ఊరందరి ముందూ నిలబడి చేపపిల్ల పాట పాడి తోక ఊపింది. లావుపాటి మనిషి, మంచి హుషారైంది. జనం పడీపడీ నవ్వారు. "ఇంకో రెండు పీతలు పట్టుకు రానా?" అని అడిగింది కూర్చుంటూ.

తర్వాత పాస్టరు గారు. ఆయన వల కళ్ళు మరీ సన్నం. ఆయన పాటని చర్చిలో కీర్తనలాగా గంభీరంగా అందుకున్నారు గానీ, తోక దగ్గరికొచ్చేసరికి బైబిలు వెనకాల అడ్డం పెట్టుకున్నారు. ఆ వెంటనే ఒకరి తర్వాత ఒకరు మగవాళ్ళు దొరికారు. వునివాయ్‌లో అంత వినోదం ఎప్పుడూ లేదు. సావడి నిండిపోయేది. పక్క ఊళ్ళ నుంచి పడవల మీద వచ్చి చూసేవాళ్ళు. జరిమానా అయితే ఎగ్గొట్టొచ్చు, పోలీసైతే దూరంగా సువాలో ఉంటాడు. కానీ మరదళ్ళ ముందు తోక ఊపడమంటే ఎంత మొనగాడికైనా చచ్చే చావు. జాలర్లు చేపల్ని కొలిచే కర్రలు పట్టుకుని మరీ సముద్రంలోకి వెళ్ళడం మొదలెట్టారు.

ఇదంతా చూసి విలికేసా ఛాతీ విరుచుకు తిరుగుతున్నాడు. "మా కార్యక్రమం," అంటున్నాడు. "నా ఆలోచనే." అలా అంటూనే ఓ పొద్దున పోటు తగ్గినప్పుడు ఈటె పట్టుకుని, కొబ్బరాకుల కర్రలు దాటి లోపలికి నడిచాడు. ఆక్టోపస్ తిని నెలలైంది. అది ఏ రాతి సందులో కాపురముంటుందో చిన్నప్పట్నుంచీ ఎరుగును.

వెనకనుంచి విజిలు. తిరిగి చూస్తే నడుంలోతు నీళ్ళలో ఏడెనిమిది పసుపు జాకెట్లు.

"ఊరిపెద్దగా పరిశీలనకొచ్చానర్రా," అన్నాడు విలికేసా.

"పరిశీలనకి ఈటెందుకు తాతా?"

"చేతికర్ర. కాలు జారుతుందని."

"కర్రకి ముళ్ళెందుకు?"

"కుక్కలొస్తే?"

"నీళ్ళల్లో కుక్కలా తాతా?" అంది తరుసిలా. పిల్లలెవరూ నవ్వలేదు. అది చూసే ఆయనకి భయమేసింది.

ఆ సాయంత్రం సావడిలో ఊరిపెద్ద బుగ్గలు పూరించాడు, రెక్కలాడించాడు. తోక ఊపమంటే, నడుం నొప్పి అన్నాడు. "మెల్లగా ఊపు తాతా, మేం ఆగుతాం," అన్నారు పిల్లలు. ఆగారు. ఆయన ఊపాడు. ఆయన ఇంటికి చేరేలోపే ఆ కబురు నకసాకి చేరింది. మర్నాడు నెమానీ ఫోన్ చేసి ఏమీ మాట్లాడకుండా ఆ పాట ఈల వేసి పెట్టేశాడు.

ఇలా ఉండగా సలనియేత ఫోన్ చేసింది. కార్యక్రమానికి డబ్బిచ్చే పెద్దమనుషులు మెల్బోర్న్ నుంచి వస్తున్నారట. వాళ్ళకి పెద్ద ఫ్రేజర్ గారు. పిల్లల్ని చూస్తారు, భోంచేస్తారు, ఫోటోలు తీసుకుంటారు. ఇంజను సంగతి ఆ తర్వాత తేలుతుంది.

"ఇంకోటి పెదనాన్నా," అంది, మాట మింగుతూ. "అతిథులకి తాజా చేప పెట్టమంటోంది ఆఫీసు. మూసిన చోట చేపలు బాగా ఎదిగుంటాయి కదా, కార్యక్రమం ఫలితాన్ని రుచి చూసినట్టుంటుంది అంటున్నారు. ఒక్క రోజుకి తెరుస్తారా?"

"పిల్లల్ని అడగాలమ్మా."

"మీరు ఊరిపెద్ద కదా!"

"సముద్రం విషయంలో కాదు," అన్నాడు విలికేసా నీరసంగా.

పిల్లలు కుదరదన్నారు. విలికేసా బతిమాలాడు, ఇంజను అన్నాడు, నకసా అన్నాడు. "చేపలకి నకసా తెలీదు తాతా," అంది తరుసిలా. బయటి సముద్రంలో పట్టుకొద్దామంటే ఆ వారమంతా గాలి. చివరికి తితిలియా కొట్లోంచి డబ్బా చేపలు తెచ్చి కొబ్బరిపాలల్లో ఉడికించింది. పక్కన చామదుంపలు, కర్రపెండలం పెట్టింది. పసిఫిక్ సముద్రం ఒడ్డున కూర్చుని డబ్బాలోంచి చేప తీసి పెట్టడమేమిటని పాస్టరు గారు బాధపడ్డారు. "మీ వల కళ్ళు పెద్దవైతే పట్టుకు రండి," అంది తితిలియా. 

అనుకున్న రోజున తెల్లగా మెరుస్తూ పెద్ద పడవొకటి పగడపు దిబ్బ వైపు తిరిగింది. ఊరంతా పూలదండలతో ఒడ్డున నిలబడింది. అతిథుల్లో ఫోటోలు తీసేవాడికి వెలుతురు ఎక్కడ బాగుందనిపించిందో ఏమో, వేలు పెట్టి చూపించాడు. పడవ సరాసరి కొబ్బరాకుల కర్రల మధ్యకొచ్చి ఆగింది. గొలుసు చప్పుడు చేసుకుంటూ లంగరు దిగింది.

 ఒడ్డున విజిళ్ళు మోగాయి. ఊళ్ళో ఉన్న పిల్లలందరూ దోనెల్లోకి దూకి, తెడ్లు వేసుకుంటూ, పసుపు జాకెట్లతో పడవని చుట్టేశారు. విజిళ్ళు ఊదుతున్నారు, చేతులూపుతున్నారు, అరుస్తున్నారు.

పడవ మీద అతిథులు మురిసిపోయారు. ఎన్నో ఊళ్ళు చూశారు గానీ ఇలాంటి స్వాగతం ఎక్కడా లేదు. చప్పట్లు కొట్టారు. పిల్లలు ఇంకా గట్టిగా ఊదారు. వాళ్ళు ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు. ఫ్రేజర్ గారు రెండు చేతులూ గుండెల మీద పెట్టుకుని వంగి దణ్ణం పెట్టాడు. పడవలో ఆకుపచ్చగా మారిన సలనియేత ఒక్కతే, "ఇది స్వాగతం కాదండీ! లంగరు! లంగరు తియ్యండి!" అని అరుస్తోంది. కడుపులో తిప్పుతున్నందువల్ల ఆ మాటలు సగమే బయటికొచ్చాయి.

ఆఖరికి తరుసిలా నిచ్చెన ఎక్కి పడవ మీదకొచ్చి, నీళ్ళు కారుతున్న బట్టలతో ఫ్రేజర్ గారి ఎదుట నిలబడింది. సలనియేత ఆమె మాటలు ఇంగ్లీషులో చెప్పింది. చప్పట్లు ఆగిపోయాయి.

పడవ నడిపేవాడు లంగరు లాగాడు. రాలేదు. పగడం కింద ఇరుక్కుంది. "ఇంజను వేసి ఒక్క గుంజు గుంజితే అదే వస్తుంది," అన్నాడు.

"గుంజితే దిబ్బంతా వస్తుంది," అంది తరుసిలా. దోనెలన్నీ పడవ ముందుకొచ్చి అడ్డంగా నిలబడ్డాయి.

ఒడ్డు మీద పాస్టరు గారు విలికేసా భుజం పట్టుకుని ఊపేశారు. "పిల్లల్ని వెనక్కి పిలువయ్యా! ఇంజను పోతుంది! మన మర్యాద పోతుంది! నువ్వు కేకేస్తే వింటారు."

నిజమే, కేకేస్తే వింటారు. విలికేసాకి అది తెలుసు. నోరు తెరిచాడు కూడా. ఆ దూరం నుంచి మనవరాలు పడవ మీద చిన్న పసుపు చుక్కలాగా కనిపించింది. చుట్టూ అంత పొడుగు మనుషులు, మధ్యలో అది నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. ఆయన నోరు మూసుకున్నాడు. కొత్త చొక్కా విప్పి తితిలియా చేతిలో పెట్టి, నీళ్ళలోకి దిగి ఈదడం మొదలుపెట్టాడు.

గొలుసు పట్టుకుని కిందికి మునిగాడు. ముసలి ఊపిరి, చెవులు పిండేస్తున్నాయి. లంగరు కొన ఒక పళ్ళెంలాంటి పెద్ద పగడం కిందకి దూరిపోయింది. దాని అంచు విరిగి తెల్లగా కనిపిస్తోంది. మొదటిసారి చెయ్యి ఆనలేదు. పైకొచ్చి గాలి మింగి మళ్ళీ మునిగాడు. ఈసారి కాళ్ళు ఇసకలో తన్నిపెట్టి, మెల్లగా కొనని వెనక్కి తిప్పి బయటికి లాగాడు. తిప్పుతుంటే రాతి సందులోంచి ఒక ఆక్టోపస్ ఆయన్ని చూసి, మరీ తొందరేమీ లేకుండా రంగు మార్చుకుని లోపలికి పోయింది. ఈటె లేకుండా దాన్నంత దగ్గరగా చూడ్డం ఆయనకిదే మొదలు.

పైకి తేలేసరికి దగ్గుతో మాట రాలేదు. పిల్లలు జబ్బలు పట్టి పడవెక్కించారు. లంగరు పైకి లేచింది. పడవ కర్రల బయటికెళ్ళి ఇసక మీద ఆగింది. ఫ్రేజర్ గారు ఊపిరి పీల్చుకుని, "సంతోషం. ఇక భోజనానికి వెళ్దామా?" అన్నాడు.

"ఇంకా పాట పాడలేదు," అంది తరుసిలా.

సంగతి చెప్పాక ఆయన నవ్వేశాడు. తోక గురించి చెప్పాక నవ్వడం మానేశాడు. "టైము లేదు పాపా. అయినా ఈ కార్యక్రమం నడిపేది మేమే కదా," అన్నాడు.

"అలాగైతే పాట మీకు వచ్చే ఉంటుంది బాబూ," అన్నాడు విలికేసా, తువ్వాలు కప్పుకుని వణుకుతూ. ఎత్తిపొడుద్దామని అన్నది కాదు. నిజంగానే అలా అనుకున్నాడు. "పెద్ద పాటేం కాదు. నేనూ పాడాను. మా పాస్టరు గారూ పాడారు. తోక దగ్గర కొంచెం కష్టంగానే ఉంటుంది."

ఫ్రేజర్ గారికి పాట రాదు. అతిథుల్లో ఎవరికీ రాదు. ఒకరి మొహాలొకరు చూసుకుంటుంటే సలనియేత ముందుకొచ్చి, మెల్బోర్న్ పెద్దల ఎదుట బుగ్గలు పూరించి మొదలుపెట్టింది. ఆమె పక్కన విలికేసా నిలబడ్డాడు. చుట్టూ దోనెల్లోంచి పిల్లలందుకున్నారు. చేసేదేమీ లేక అతిథులు రెక్కలాడించారు. ఫ్రేజర్ గారి తోక సరిగ్గా ఊగలేదని తరుసిలా రెండోసారి ఊపించింది. ఒడ్డున జనం పూలదండలు పట్టుకుని నవ్వాపుకోలేక నేలకి జారిపోయారు.

భోజనాల దగ్గర ఫ్రేజర్ గారు డబ్బా చేప కూర రెండుసార్లు వడ్డించుకున్నాడు. స్థానిక వంటల్లో ఇంత రుచి ఉంటుందనుకోలేదన్నాడు. తితిలియా తలదించుకుని వడ్డించింది.

కొన్నాళ్ళకి ఫలితం తేలింది. ఆఫీసు వాళ్ళు ఫోటోలవాడు తీసిన వీడియో చూసి, 'లంగరు వేడుక' అని పేరు పెట్టి, ఇది తరతరాలుగా వస్తున్న ఆచారమని, నీలి తీరం దాన్ని మళ్ళీ బతికించిందని అచ్చు వేసుకున్నారు. వునివాయ్ చాలా ముందుకెళ్ళిపోయిన ఊరు కాబట్టి ఇక అక్కడ కార్యక్రమం అక్కర్లేదన్నారు. ఇంజను రాలేదు. బోర్డొచ్చింది. దాని మీద రెక్కలాడిస్తున్న ఫ్రేజర్ గారు. ఎక్కడ పాతాలో తేల్చుకోలేక సావడి వెనకాల ఆనించి పెట్టారు.

"పెదనాన్నా, నకసాలో ఆఫీసు వాళ్ళు లంగరు వేడుక పెడుతున్నారు," అని ఫోన్ చేసింది సలనియేత. "మిమ్మల్ని పిలుచుకు రమ్మన్నారు. ఆచారం తెలిసిన పెద్దగా."

"ఏ ఆచారమమ్మా? మొన్న మొన్న జరిగిందే కదా."

"నేనూ అదే చెప్పాను," అంది సలనియేత. "వినలేదు. మీరొస్తే నాకు కాస్త ధైర్యంగా ఉంటుంది."

ఆ పిల్ల కోసం వెళ్ళాడు. నకసాలో లంగరుని ముందే మోకాటి లోతు ఇసకలో పడేసి ఉంచారు. నెమానీ టోపీ సర్దుకుంటూ నిలబడ్డాడు. విలికేసా వంగి దాన్ని ఎత్తాడు. చప్పట్లు. ఒక చిన్నపిల్ల అడిగింది, "తాతా, దాన్నెందుకెత్తావు?" అని.

"పడకూడని చోట పడితే ఎత్తాలమ్మా."

"ఇక్కడ పడచ్చు కదా. ఇది ఇసకే కదా."

"అవును," అన్నాడు విలికేసా. "ఇక్కడ పడచ్చు." లంగరుని మళ్ళీ అక్కడే పెట్టేశాడు. ఆఫీసు వాళ్ళకది నచ్చలేదు. సలనియేత మాత్రం మొహం పక్కకి తిప్పుకుని నవ్వింది.

భోజనానికి నెమానీ తన ఇంటికి తీసుకెళ్ళాడు. వేడివేడిగా వేయించిన చేపలు పళ్ళెం నిండా పెట్టించాడు. ఒక్కోటి వేలెడంత. కరకరలాడుతూ నూనె వాసన గుప్పుమంటోంది. విలికేసాకి నోరూరింది. ఒకటి చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, కింద పెట్టాడు.

"ఏమైంది?" అన్నాడు నెమానీ. "మీ పిల్లలు ఇక్కడ లేరులే."

"లేరు."

"మరి తిను."

"కర్రపెండలం ఇటు జరుపు."

"పిల్లలకంత భయపడతావేంరా ముసలాడా?"

విలికేసా వట్టి కర్రపెండలం తిని, నీళ్ళు తాగి పడవెక్కాడు. దారి పొడుగునా మనవరాల్నీ, సలనియేతనీ, సువా ఆఫీసునీ, మెల్బోర్న్‌నీ వరసపెట్టి తిట్టుకుంటూనే ఉన్నాడు. ఇంటికి రాగానే తితిలియా, "ఏం పెట్టాడు మీ స్నేహితుడు? కడుపు నిండిందా?" అంది.

"వేయించిన చేపలు," అన్నాడాయన చిరాగ్గా. "బ్రహ్మాండంగా ఉన్నాయి. అన్నం వడ్డించు, ఆకలి దంచేస్తోంది."